చంటిబిడ్డ తల్లికి తోడ్పాటు



వ్యవసాయ విస్తరణాధికారి విత్తనాల గూర్చీ, ఎరువుల గూర్చీ, పురుగుమందుల గూర్చీ చెప్పాలి గాని తల్లిపాల గూర్చి చెప్పడమేమిటని మీకు అనిపించవచ్చును. నేను చదివినది వ్యవసాయ డిప్లమా, వైద్యం కాదు. బిడ్డకు జబ్బు చేస్తే నన్ను అడగవద్దు, డాక్టరును అడగండి. అయితే ఈ విషయం నాకు పత్తి చేనులోనే ఎదురైంది. పైగా దీనిని పరీక్షించిన శాస్త్రజ్ఞులు మన పరిశోధనా క్షేత్రాలలో మడులు కట్టి చేసే పద్ధతినే వాడినారు. అందుచేత నాలుగు మాటలు చెప్పే చనువు తీసుకొంటున్నాను.

కిందటి కార్తీక మాసంలో గులాబీ రంగు పురుగు ఉధృతి చూడడానికి ఒక రైతు చేనుకు వెళ్ళాను. పన్నెండుమంది ఆడవాళ్ళు పత్తి ఏరుతున్నారు. వారిలో ఒక అమ్మాయి ఒడిలోని పత్తిని మాటిమాటికీ గుండెకు అదుముకొంటున్నది. పత్తి తడిసిపోతున్నదని ముఠా పెద్ద కోప్పడింది. తడి ఎక్కడిదా అని చూస్తే, పాపం, ఆమె రవికంతా తడిసి ఉన్నది. బిడ్డకు మూడో నెల. పొద్దున్నే ఆటో ఎక్కితే మళ్ళీ ఇల్లు చేరేది దీపాలు పెట్టే వేళకే.

"బిడ్డకు ఏం పడుతున్నారమ్మా?" అని అడిగాను.

"బర్రెపాలు సారూ. సగం నీళ్ళు కలిపి మా అత్త సీసాతో పడుతది."

"మరి నీ పాలు?"

"పొద్దున ఇస్త, రాత్రి ఇస్త. పగటీలి గట్టుకు పోయి పిండి పారబోస్త. లేకుంటే గడ్డలు కట్టి నొస్తది."

రైతును అడిగాను. అతడు చెడ్డవాడు కాదు. "నేను వద్దన్ననా సారూ? ఏరేది కిలోల లెక్క. ఆగితే ఆమెకే నష్టం" అన్నాడు. ఆ మాటలో తప్పు పట్టడానికి లేదు. చేను యజమాని ఆపలేదు, అత్త ఆపలేదు, చట్టమూ ఆపలేదు. అయినా బిడ్డ ఒకచోట, పాలు ఒకచోట ఉన్నాయి. మంచి పాలు గట్టున మట్టిలో ఇంకిపోతున్నాయి, నీళ్ళ పాలు బిడ్డ కడుపులోకి పోతున్నాయి.

ఆమెను చూసి జాలిపడే హక్కు నాకు లేదని వెంటనే గుర్తుకు వచ్చింది. నా ఇంట్లో జరిగినదీ చెప్పాలి. నా భార్యకు మొదటి కాన్పు ఆపరేషను అయింది. మన తెలంగాణలో 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం నూటికి అరవై కాన్పులు ఆపరేషనులే గనుక అందులో వింత ఏమీ లేదు. మొదటి రోజు బిడ్డ ఏడుస్తుంటే "పాలు పడలేదు" అని అందరూ తేల్చివేశారు. వీధి చివర దుకాణానికి పరుగెత్తి పాలపొడి డబ్బా కొనుక్కొచ్చినది నేనే. నారుమడిలో మొలక రాలేదని మూడో రోజునే మడి దున్నేసే రైతును చూస్తే నేను కోప్పడతాను. అదే పని నేను చేశాను! ఆపరేషను అయిన తల్లికి నిండుగా పాలు రావడం ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చును. అంతవరకు వచ్చే చిక్కటి పసుపుపచ్చ ముర్రుపాలు చెంచాల లెక్కనే ఉంటాయి, బిడ్డకు ఆ కొంచెమే కావాలి. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ ఎవరినీ అడగలేదు.

ఇంటికి వచ్చిన మరునాడు ఆశా కార్యకర్త వచ్చింది. ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. చేతులు కడుక్కొని మంచం పక్కన కూర్చున్నది. కుట్ల మీద బరువు పడకుండా నడుము పక్కన దిండు పెట్టించి, బిడ్డను చంక కిందుగా పట్టుకోవడం చూపింది. బిడ్డ నోరు బాగా తెరిచేదాకా ఆగి, చనుమొన ఒక్కటే కాక చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా చాలావరకు నోట్లోకి పోయేటట్టు దగ్గరకు తీసుకోమన్నది. బిడ్డ గడ్డం రొమ్ముకు ఆనాలి, తాగేటప్పుడు తల్లికి నొప్పి ఉండకూడదు. గంటసేపు కూర్చుని, మూడు రోజుల తరువాత మళ్ళీ వచ్చింది. డబ్బా పాలు మానడానికి మాకు పది రోజులు పట్టింది. ఆ డబ్బా చాలాకాలం అలమారలో ఉన్నది. ఇప్పుడు అందులో బెండ విత్తనాలు దాస్తున్నాము.

ఇక పాడి ఉన్నవారికి బాగా అర్థమయ్యే మాట చెప్తాను. బర్రె ఈనగానే దూడకు జున్నుపాలు తాగించాలని మీకు ఎవరూ నేర్పనక్కరలేదు. తాగని దూడ బతికి బట్టకట్టదని మీకు తెలుసు. దూడకు తల్లి గర్భంలో రక్షక పదార్థాలు అందవు, అన్నీ జున్నుపాలలోనే రావాలి. మనిషి బిడ్డకు కొన్ని మాయ ద్వారా ముందే అందుతాయి గనుక ముర్రుపాలు లేకున్నా దూడ వలె వెంటనే ప్రమాదం కనిపించదు. అందువల్లనే మనం దానిని తేలికగా తీసుకొన్నాము. కాని పేగులను కాపాడే పదార్థాలు ముర్రుపాలలో మెండుగా ఉంటాయి. దూడ దగ్గర చూపే శ్రద్ధ బాలింత దగ్గర చూపక, ముర్రుపాలు పిండి పారబోసి తేనె నాకించే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించరాదని వైద్యులు గట్టిగా చెబుతారు.

చేపు సంగతీ మీకు తెలిసినదే. కొత్త మనిషి పితికినా, కొట్టినా, బెదిరించినా బర్రె చేపదు. పాలు లేక కాదు, వదలక. ఆడమనిషి శరీరంలోనూ ఇదే ఏర్పాటు ఉన్నది. నొప్పి, నిద్రలేమి, "నీకు పాలు లేవు" అనే దెప్పిపొడుపు ఉన్నచోట పాలు సరిగా దిగవు. అలాగే పూర్తిగా పితకని బర్రె రోజురోజుకూ పాలు తగ్గిస్తుంది గదా, తల్లికీ అంతే. బిడ్డ ఎంత తాగితే అంత ఊరుతుంది. ఒక సీసా డబ్బా పాలు పట్టితే ఆ పూట బిడ్డ తాగడు, తాగకపోతే ఊరడం తగ్గుతుంది, తగ్గినదని ఇంకో సీసా. "పాలు లేవు" అని మనం అనుకొన్న మాట మన చేతులతో మనమే నిజం చేస్తాము.

తల్లిపాల వలన బిడ్డకు తెలివి పెరుగుతుందని మీరు వినే ఉంటారు. అది ఎంతవరకు నిజం? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం అనుకొన్నంత సులభం కాదు. కొత్త వంగడాన్ని చెరువు కింది రేగడిలోనూ, పాతదాన్ని గుట్ట పక్క చల్కలోనూ వేసి, కొత్తది మేలని చెప్తే మీరు నవ్వుతారు. చాలా దేశాలలో ఎక్కువకాలం పాలిచ్చే తల్లులకు చదువు, డబ్బు, తీరిక కూడా ఎక్కువ. వారి పిల్లలు బాగా చదివితే అది పాల గొప్పా, ఇంటి గొప్పా? తేల్చాలంటే మడులకు చీటీలు వేయాలి. ఇంగ్లండులోని రోథాంస్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో 1920ల నుండి రొనాల్డ్ ఫిషర్ నేర్పిన పద్ధతి అదే. కాని ఈ బిడ్డకు తల్లిపాలు, ఆ బిడ్డకు డబ్బా అని చీటీ వేయడం ధర్మం కాదు గదా!

కెనడాలో మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ క్రామర్ అనే వైద్యుడు దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. పాలకు కాదు, తోడ్పాటుకు చీటీలు వేశాడు. బెలారస్ దేశంలో 31 ప్రసూతి ఆసుపత్రులను, వాటికి అనుబంధమైన పిల్లల వైద్యశాలలను తీసుకొన్నారు. పరీక్షలో నిలిచిన వాటిలో చీటీ పడిన 16 చోట్ల డాక్టర్లకు, మంత్రసానులకు తల్లికి ఎలా సాయం చేయాలో శిక్షణ ఇచ్చారు. పెద్ద డాక్టర్లకు 18 గంటల తరగతులు జరిగినాయి. మిగిలిన 15 చోట్ల మామూలు పద్ధతే సాగింది. 1996 జూన్ నుండి 1997 డిసెంబరు వరకు పుట్టిన 17,046 మంది బిడ్డలు ఈ పరీక్షలో చేరారు. వీరంతా నెలలు నిండి ఆరోగ్యంగా పుట్టినవారు, అందరి తల్లులూ పాలివ్వడం మొదలుపెట్టినవారు. కాబట్టి ఇది పాలిచ్చిన తల్లులకూ, ఇవ్వని తల్లులకూ మధ్య పోటీ కాదు. తోడు దొరికిన తల్లులకూ, దొరకని తల్లులకూ మధ్య తేడా. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు పనికివస్తుంది.

ఏమైంది? మూడో నెలలో కేవలం తల్లిపాలతోనే ఉన్న బిడ్డలు శిక్షణ అందిన చోట నూటికి 43 మంది, అందని చోట 6 మంది. మన ప్రదర్శన క్షేత్రాలలో ఇంత తేడా కనిపిస్తే ఊరంతా వచ్చి చూసిపోతుంది. ఆ తల్లుల రక్తంలో గాని, ఆ దేశపు నీళ్ళలో గాని తేడా లేదు. పక్కన కూర్చుని చూపించే మనిషి ఉన్నదా లేదా అన్నదే తేడా. మొదటి ఏడాదిలో వాంతులు, విరేచనాల జబ్బు ఒక్కసారైనా వచ్చిన బిడ్డలు ఒకవైపు నూటికి 13, తోడు దొరికినవైపు 9. చర్మం మీద వచ్చే గజ్జి వంటి ఎగ్జిమా జబ్బు 6 నుండి 3కు తగ్గింది. బెలారస్‌లో మంచినీరు, వైద్యం ముందే ఉన్నాయి. నీరు బాగులేని చోట విరేచనాలు తగ్గడం విలువ ఇంకెంత ఉంటుందో మీరే ఊహించండి.

ఆ పిల్లలను వదలక, ఆరున్నరేళ్ళు వచ్చినాక మళ్ళీ దాదాపు 13,900 మందిని పరీక్షించారు. 2008లో ప్రకటించిన ఫలితం ప్రకారం, తోడ్పాటు అందిన చోటి పిల్లలు మాటలకు సంబంధించిన తెలివి పరీక్షలో సగటున ఏడున్నర పాయింట్లు ఎక్కువ తెచ్చుకొన్నారు. ఈ మాట లోకమంతా పాకింది. అయితే ఒక లోపం ఉన్నది. పరీక్ష పెట్టిన డాక్టర్లకు తమ వైద్యశాల ఏ వైపుదో తెలుసు. దిగుబడి తూచేవానికి ఏ మడి ఎవరిదో తెలిస్తే కాటా ముల్లు కొంచెం వంగదా? బళ్ళో ఉపాధ్యాయులు కూడా ఆ పిల్లలకు చదవడంలో, రాయడంలో ఎక్కువ మార్కులే వేశారు, కాబట్టి మొత్తం కొట్టివేయలేము. పదహారేళ్ళ వయస్సులో కంప్యూటరు మీద మళ్ళీ పరీక్ష పెట్టి 2018లో ప్రకటించారు. ఈసారి మాటల తెలివిలో తేడా ఒకటిన్నర పాయింటు కూడా లేదు, మిగతా వాటిలో చెప్పుకోదగిన తేడాయే లేదు. లావు కాకుండా ఆపుతుందని, రక్తపోటు తగ్గిస్తుందని ఆశించినవి కూడా ఆ పిల్లలలో కనపడలేదు.

మరొక చోట, బ్రెజిల్ దేశపు పెలోటస్ పట్టణంలో 1982లో పుట్టిన వారిని ముప్పై ఏళ్ళ వయస్సులో చూశారు. అక్కడ ఆ రోజులలో బీదా, గొప్పా తేడా లేకుండా పాలిచ్చేవారు. ఏడాదికి పైగా తాగినవారికి, నెలకూడా తాగనివారికంటె తెలివి పరీక్షలో సగటున నాలుగు పాయింట్ల దాకా ఎక్కువ వచ్చినట్టు 2015లో వెల్లడించారు. అది చీటీల పరీక్ష కాదు, అయినా తోసిపుచ్చదగినదీ కాదు.

నా లెక్క ఇది. తల్లిపాలు తాగిస్తే మీ వాడు కలెక్టరు అవుతాడని చెప్పేవాడిని నమ్మకండి. మా శాఖలో కూడా సీసా చూపించి ఎకరానికి పది బస్తాలు ఎక్కువ అని చెప్పేవారు వస్తుంటారు. తెలివిలో మేలు ఉంటే ఉండవచ్చును, ఉన్నా చిన్నది. విరేచనాలు, చర్మపు జబ్బు తగ్గడం మాత్రం చీటీల పరీక్షకు నిలిచినది. రోగం తగ్గిన బిడ్డ సరిగా తింటాడు, సరిగా ఎదుగుతాడు. అలాగే ఏ కారణం చేతనైనా పాలివ్వలేకపోయిన తల్లులారా, మీ బిడ్డ తెలివి పాడైపోయిందని ఎవరైనా అంటే ఈ పదహారేళ్ళ లెక్క వారికి చూపించండి.

బెలారస్ సంగతి మనకెందుకంటారా? హర్యానా పల్లెలలో కూడా ఇటువంటి పరీక్ష జరిగింది, 2003లో ప్రకటించారు. ఎనిమిది పల్లె సముదాయాలను జతలుగా విడదీసి, సగం చోట్ల మంత్రసానులకు, అంగన్‌వాడీ కార్యకర్తలకు, నర్సమ్మలకు శిక్షణ ఇచ్చారు. మూడో నెలలో కేవలం తల్లిపాలే తాగిన బిడ్డలు అక్కడ నూటికి 79, మిగతా చోట్ల 48. విరేచనాలూ తగ్గినాయి. నీళ్ళు, తేనె, బర్రెపాలు మానితే బిడ్డ చిక్కిపోతాడని అత్తలు భయపడతారు గదా. రెండు వైపులా బిడ్డల బరువులో తేడా ఏమీ లేదు.

కాబట్టి తోడు ఎవరు, ఎక్కడ అన్నదే అసలు ప్రశ్న. ఆసుపత్రి కాన్పు అయినాక 42 రోజులలోగా ఆశా కార్యకర్త ఆరు సార్లు ఇంటికి రావాలని ఏర్పాటు. మూడు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండో రోజులు. గోడమీద క్యాలెండరులో రాసుకోండి. రాకపోతే ఫోను చేసి అడగండి, అడగడం తప్పు కాదు. పాలు చాలుతున్నవా లేదా తెలుసుకోవడానికి ఏడుపును కొలబద్ద చేసుకోకండి. మొదటి వారం దాటిన బిడ్డ రోజుకు ఆరుసార్లు, ఆ పైన మూత్రం పోస్తే, రెండు వారాలకు పుట్టినప్పటి బరువు తిరిగి వస్తే చాలుతున్నట్టే. రోజుకు ఎనిమిది నుండి పన్నెండు సార్లు తాగడం మామూలు. ఇక బాలింతకు నీళ్ళు తాగనివ్వని ఇళ్ళ గూర్చి ఏమి చెప్పాలి! మండు వేసవిలో బర్రెకు తొట్టి నిండా నీళ్ళు పెట్టి, మంచం మీది మనిషికి గ్లాసు లెక్కపెట్టే ఇల్లు నేను చూశాను.

మొగవాళ్ళకు ఒక మాట. రాత్రి బిడ్డ లేస్తే పాలు మీరివ్వలేరు. కాని బిడ్డను ఎత్తి తల్లి పక్కకు చేర్చడం, బట్ట మార్చడం, తల్లికి చెంబెడు నీళ్ళు అందించడం చేతగాని పనులు కావు. ఎవరైనా సీసా ఉచితంగా ఇస్తామన్నా, డబ్బా పాలే బలమన్నా వినకండి. డబ్బా పాలకు ప్రచారం చేయకూడదని 1992లోనే చట్టం వచ్చింది, 2003లో దానిని ఇంకా బిగించారు. ఆరు నెలలు నిండినాక మెత్తటి అన్నం పప్పు, గుడ్డు, రాగిజావ పెడుతూ, రెండేళ్ళ దాకా పాలు కొనసాగించవచ్చును.

పనికి పోయే తల్లి సంగతే కష్టం. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టంలో బిడ్డకు పదిహేను నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు రాశారు. అది ఫ్యాక్టరీలకు, దుకాణాలకు, ఆఫీసులకు; చేను గట్టు దాకా రాలేదు. చేనులో ఆ విరామం ఇవ్వవలసినది మీరే. బిడ్డను తెచ్చుకోనివ్వండి, చెట్టు నీడకు దగ్గరి సాళ్ళు ఆ తల్లికి ఇవ్వండి. బిడ్డ ఇంట్లోనే ఉంటే, పొద్దున్నే చేతులు కడుక్కొని శుభ్రమైన గిన్నెలోకి పాలు పిండి మూతపెట్టి రావచ్చును. నాలుగు గంటలకు మించి ఉంచవద్దు, ఎండలు ముదిరితే ఇంకా తక్కువ. సీసా వద్దు, మన ఉగ్గుగిన్నె ఉన్నది గదా, కడగడం సులువు.

నా శాఖ మాట కూడా చెప్పి తీరాలి. చంటిబిడ్డ తల్లి చేత పురుగుమందు కలిపించకండి, కొట్టించకండి, ఖాళీ డబ్బాలు కడిగించకండి. మందు కొట్టిన చేనులోకి డబ్బా మీద రాసిన గడువు తీరకముందు ఏ మనిషినీ పంపకండి. చేనులో పని చేసి వచ్చిన తల్లి సబ్బుతో చేతులు, రొమ్ము కడుక్కొని, చీర మార్చుకొని బిడ్డను తీసుకోవాలి. మందు భయంతో పాలు మానిపించనక్కరలేదు. మందు దగ్గరకు ఆమెను పంపడం మానాలి.

మొదట చెప్పిన చేనుకు వారం తరువాత మళ్ళీ వెళ్ళాను. రైతుతో, ఆయన తల్లితో ఈ సంగతులన్నీ ముందే మాట్లాడి ఉన్నాను. నిజం చెప్పాలంటే నా లెక్కలు ఆయనకు పట్టలేదు. ఆయన తల్లే, "ఒరే, బర్రెను దూడకు విడువకుండ పనికి తోలుతవా?" అన్నది. ఆ మాటకు ఆయన కదిలాడు. ఆ అమ్మాయి అత్త మధ్యాహ్నం అన్నం ఆటోలో బిడ్డను తెచ్చింది. వేపచెట్టుకు చీర ఉయ్యాల కట్టారు. రెండుసార్లు ఆగినందుకు ఆ రోజు ఆమెకు రెండు కిలోలు తక్కువ పడింది. రైతు ఆ రెండు కిలోలు తన లెక్కలో కలిపి రాశాడు. ముఠాలో ఇద్దరు సణిగినారు, మా పిల్లలప్పుడు మాకెవరు రాసినారు అని. వాళ్ళకు నేను ఏమీ జవాబు చెప్పలేకపోయాను.

ఉయ్యాల దగ్గరకు వెళ్ళి చూస్తే, చెట్టు మొదట్లోనే స్ప్రేయరు, సగం ఖాళీ అయిన మందు డబ్బా ఆనించి ఉన్నాయి. ఆ రెండింటినీ మోటారు కొట్టంలో పెట్టించి తాళం వేయించిన తరువాతనే గులాబీ పురుగు బుట్టలు చూడడానికి సాళ్ళలోకి దిగాను.

ఇక సెలవు.